పైథాన్, విండోస్: రాయడానికి వీల్లేని ఫోల్డర్ ఎంచుకున్నా హెచ్చరిక రావట్లేదు
కారణం, ఫోల్డర్‌లో రాయొచ్చో లేదో చూడటానికి మీరు వాడిన పైథాన్ ఫంక్షన్ ఓఎస్.యాక్సెస్. విండోస్‌లో అది యూజర్ పర్మిషన్లు చూడదు. ఫోల్డర్ ఉంటే చాలు, ‘ట్రూ’ అనేస్తుంది. అందుకే ప్రోగ్రామ్ ఫైల్స్ ఎంచుకున్నా మీ చెక్ పాసై, సేవ్ దగ్గర ఎర్రర్ వస్తోంది.

1. ఫోల్డర్ ఎంచుకోగానే అందులో ఒక చిన్న ఫైల్ నిజంగా రాసి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. పేరు యూయూఐడీతో (మరో ఫైల్‌కి ఉండే అవకాశం లేని పొడవాటి ఐడీ) పెట్టి, ‘ఎక్స్’ మోడ్‌లో తెరవండి, అది కొత్త ఫైల్ మాత్రమే సృష్టిస్తుంది. ‘డబ్ల్యూ’ వాడితే అదే పేరుతో యూజర్ ఫైల్ ఉన్నప్పుడు అది కాస్తా ఖాళీ అవుతుంది.
2. ఫైల్ మూసేశాకే డిలీట్ చేయండి.
3. రాసేటప్పుడు ఓఎస్‌ఎర్రర్ (ఫైల్ పనులు విఫలమైతే పైథాన్ ఇచ్చే ఎర్రర్) వస్తే ఫోల్డర్ పాత్ మొత్తం చూపించి, ‘ఇక్కడ సేవ్ చేయడం కుదరదు, వేరే ఫోల్డర్ ఎంచుకోండి’ అనండి.

ఈ పరీక్షకి, తాత్కాలిక ఫైళ్లు సృష్టించే టెంప్‌ఫైల్ మాడ్యూల్ జోలికి పోకండి. పాత పైథాన్‌లో ఇలాంటి ఫోల్డర్ తగిలితే హ్యాంగ్ అవుతుంది.

పర్మిషన్ తర్వాతైనా మారొచ్చు, సేవ్ దగ్గర ఎర్రర్‌ని పట్టుకునే ట్రై-ఎక్సెప్ట్ తీసేయొద్దు.