మెదడుపై పరిశోధనలు చేసిన రోజర్ స్పెర్రీ డాక్టరా? మనుషులు ఎడమ మెదడువాళ్లు, కుడి మెదడువాళ్లు అని ఆయనే తేల్చారా?

రెండూ కాదు. స్పెర్రీ వైద్యం చదవలేదు. ఓబర్లిన్ కాలేజీలో ఇంగ్లిష్ బీఏ, సైకాలజీ ఎంఏ, 1941లో షికాగో యూనివర్సిటీలో జువాలజీ పీహెచ్‌డీ చేసి, 1954 నుంచి కాల్‌టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) బయాలజీ విభాగంలో ప్రొఫెసర్‌గా ఉన్నారు.

ఆయన పరిశోధన మొదలైంది జంతువులతోనే. కప్ప కంటి నరం కోసి, కనుగుడ్డును 180 డిగ్రీలు తిప్పితే, నరం మళ్లీ పెరిగాక కప్ప పైనున్న ఈగ కోసం కిందికి దూకుతుంది. ఎన్నాళ్లయినా ఆ తప్పు సరిదిద్దుకోదు. అంటే నరపోగులు అనుభవంతో పని లేకుండా మెదడులో తమ పాత చోటికే చేరుకుంటాయి. నరాలు ఎలా కలిసినా పనిని బట్టి తర్వాత సర్దుకుంటాయన్న తన గురువు పాల్ వైస్ వాదనకే ఇది ఎదురు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఇదే.

పేరు తెచ్చింది మాత్రం 1960లలోని పరీక్షలు. మూర్ఛ తగ్గడానికి సర్జన్లు మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసంను కోసిన రోగులపై వాటిని చేశారు. ఉదాహరణకు, రోగి తెర మధ్య చుక్కను చూస్తుండగా ఎడమవైపు చెంచా బొమ్మను సెకనులో పదోవంతు సేపే చూపాలి. ఎక్కువసేపు ఉంచితే కళ్లు అటు తిరిగి బొమ్మ రెండు సగాలకూ అందుతుంది, పరీక్ష చెడుతుంది. ఎడమవైపు కనిపించేది మెదడు కుడి సగానికి చేరుతుంది, మాట్లాడేది ఎడమ సగం. కాబట్టి రోగి "ఏమీ కనబడలేదు" అంటాడు. కానీ కుడి సగమే నడిపే ఎడమ చేయి తెర వెనక తడిమి చెంచానే తీస్తుంది.

దీన్నిబట్టి కళాకారులది కుడి మెదడు, లెక్కలవాళ్లది ఎడమ మెదడు అనుకోవడం పొరపాటు. మామూలు మనిషిలో దాదాపు 20 కోట్ల పోగులు రెండు సగాలనూ నిరంతరం కలిపే ఉంచుతాయి. 1981లో స్పెర్రీకి నోబెల్ వచ్చింది రెండు సగాల ప్రత్యేక పనులను కనుగొన్నందుకు. వ్యక్తిత్వాలను విడగొట్టినందుకు కాదు.