సమాధానం: 4×5 అంగుళాల షీట్ ఫిల్ము కెమెరాలో 150 మి.మీ. తర్వాత ఏ లెన్స్?

మీ దగ్గర 150 మి.మీ. లెన్స్ ఒక్కటే ఉంది, బెలోస్ (లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య సాగే మడతల గొట్టం) 300 మి.మీ. వరకే సాగుతుంది, 35 మి.మీ. ఫిల్ము కెమెరాలో 28, 85 మి.మీ. లెన్సులు అలవాటు అన్నారు. సగం జవాబు అందులోనే ఉందండీ. 4×5 ఫిల్ములో బొమ్మ పొడుగు దాదాపు 120 మి.మీ., 35 మి.మీ. కెమెరాలో 36. కాబట్టి మీ అలవాటును 3.3తో గుణించండి: 28 కాస్తా 92 అవుతుంది, 85 ఏమో 280.

వైడ్‌కి (వెడల్పాటి దృశ్యాలకి) కళ్లు మూసుకుని 90 తీసుకోండి. 65 జోలికి ఇప్పుడే పోకండి. దాని ఇమేజ్ సర్కిల్ (లెన్స్ ఫిల్ము మీద వేసే బొమ్మ వృత్తం) ఇరుకు, లెన్స్‌ను కాస్త పైకి జరపగానే మూలలు నల్లబడతాయి. 90లో ఎఫ్/8 రకమైతే (వెలుగు తక్కువగా రానిచ్చేది) గ్రౌండ్ గ్లాస్, అంటే ఫోకస్ చూసుకునే గరుకు అద్దం, మసగ్గా ఉంటుంది, నల్లగుడ్డ కింద కళ్లు అలవాటుపడేదాకా ఓ నిమిషం ఆగాలి. కానీ ఈ రకం తేలిక, సంచి భుజాన వేసుకున్నప్పుడు ఆ విసుగంతా మరచిపోతారు లెండి.

280కి దగ్గరదే అయినా 300 మాత్రం వద్దు. మామూలు 300కి దూరపు కొండ మీద ఫోకస్ చేయడానికే మీ బెలోస్ మొత్తం అయిపోతుంది, ఇక ఎదురుగా కూర్చున్న మనిషిని ఎలా తీస్తారు? 240 అయితే సుమారు 1.2 మీటర్ల దాకా దగ్గరికి రావచ్చు. టెలిఫోటో రకం 300 తక్కువ బెలోస్‌తో సరిపెట్టుకుంటుంది గానీ, టిల్ట్ చేస్తే (లెన్స్‌ను వంచితే) ఫ్రేము జారిపోయి ప్రాణం తీస్తుంది.

ముందు 90 కొనండి. 240 సంగతి ఓ ఇరవై షీట్లు తీశాక చూడొచ్చు.