గేరు ఎవరు మార్చాలి?
వాహన సందేహాలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు కొరాపుట్, రాయగడ, గంజాం జిల్లాల పాఠకులవే కావడం, వాటిలో ఎక్కువ భాగం గేర్ల గురించే ఉండడం చూసి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయించాము. మన వైపు రోడ్లపై స్పోర్ట్స్ కారు కనిపించడం పండగకొకసారి వచ్చే చుట్టం లాంటిదే అయినా, వాటి మీద వాదనలకు మాత్రం ఏ టీ కొట్టు దగ్గరా కొదవ లేదని ఈ ఉత్తరాలు చెబుతున్నాయి.

ప్రశ్న: మా పెదనాన్నగారు ముప్ఫై ఏళ్లు సాలూరు, సుంకి ఘాట్ మీదుగా లారీ నడిపారు. క్లచ్ లేని బండి అసలు బండే కాదంటారు. ఫెరారీ, పోర్షే వంటి కార్లలో ఇప్పుడు స్టీరింగ్ వెనక మీటలే ఉన్నాయని, వేగానికి అవే మేలని నేను వాదిస్తున్నాను. ఇంట్లో పందెం కూడా కాశాము. తీర్పు చెప్పగలరు. – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: వేగం ఒక్కటే కొలమానమైతే పందెం మీదే. పోర్షే సంస్థ 2021లో విడుదల చేసిన 911 జీటీ3 కారును చూడండి. అదే ఇంజిను, అదే బాడీ, గేర్‌బాక్సు మాత్రం రెండు రకాలు. చేత్తో మార్చే ఆరు గేర్ల కారు నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 3.9 సెకన్లలో అందుకుంటే, పీడీకే అని పిలిచే ఏడు గేర్ల రెండు క్లచ్‌ల కారు 3.4 సెకన్లలో అందుకుంటుంది. విశేషమేమిటంటే పీడీకే కారు 17 కిలోలు ఎక్కువ బరువు, అయినా అర సెకను ముందే ఉంటుంది.

ఆ అర సెకను ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే గిలకబావిని గుర్తు చేసుకోవాలి. తాడుకు రెండు కొసలా రెండు చేదలు కడితే, ఒకటి నీళ్లతో పైకి వచ్చేసరికి రెండోది అడుగున మునిగి సిద్ధంగా ఉంటుంది. ఈ గేర్‌బాక్సులో కూడా ఒక క్లచ్ ఒకటి, మూడు, ఐదు వంటి బేసి గేర్లను, మరొకటి రెండు, నాలుగు, ఆరు వంటి సరి గేర్లను చూసుకుంటాయి. కారు మూడో గేరులో పరుగెడుతూ ఉండగానే నాలుగో గేరు పడి ఉంటుంది. మార్చే క్షణంలో జరిగేదల్లా ఒక క్లచ్ వదులుతుండగా రెండోది పట్టుకోవడం, కాబట్టి చక్రాలకు వెళ్లే శక్తి దాదాపు తెగదు. మన చేత్తో మార్చేటప్పుడు మాత్రం పెడల్ తొక్కిన దగ్గర నుంచి వదిలేదాకా ఇంజిను వేరు, చక్రాలు వేరు; మనిషి ఎంత చురుకైనవాడైనా ఆ ఖాళీ తప్పదు.

ఈ మార్పు పందేల నుంచే వచ్చింది. 1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీ, స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే పద్ధతిని మోసుకొచ్చిన మొదటి పందెంలోనే గెలిచింది. ఆ విద్య 1997లో ఫెరారీ ఎఫ్355 ద్వారా రోడ్డు కార్లలోకి దిగింది. రెండు క్లచ్‌ల పద్ధతిని పోర్షే 1980లలోనే పందెం కార్లలో పరీక్షించినా, భారీగా అమ్ముడయ్యే రోడ్డు కారులో అది 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మొదలైంది. అటుపైన 2009లో వచ్చిన ఫెరారీ 458కి క్లచ్ పెడల్ ఎంపికే లేకుండా పోయింది, 2020 మోడల్ నుంచి అమెరికా వారి కార్వెట్ కూడా అదే దారి పట్టింది.

ఇక మీ పెదనాన్నగారి పక్షం. సరుకు నింపిన లారీతో సుంకి ఘాట్ దిగే డ్రైవరు మలుపు రాకముందే గేరు తగ్గిస్తాడు, ఎందుకంటే మలుపు ఆయనకు కనిపిస్తోంది. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు తెలిసేది పెడల్ ఎంత నొక్కారు, బండి ఎంత వేగంలో ఉంది, మహా అయితే వాలు ఎంత ఉంది అన్నంత మటుకే. ముందున్న మలుపు దానికి కానరాదు. పైకి మారుస్తారేమోనని అది పై గేరును సిద్ధం చేసుకున్న సమయంలో మీరు కింది గేరు కోరితే, ఆ ఖ్యాతి గడించిన రెండు క్లచ్‌ల యంత్రం కూడా ఒక్క క్షణం తడబడుతుంది. కాబట్టి ఆయన చెబుతున్నది క్లచ్ గురించి అనుకోకండి, నిర్ణయం ఎవరిదన్నదాని గురించి. మీటలతో మీరే గేరు ఎంచుకుంటే ఆయన అభ్యంతరంలో సగం తీరినట్టే.

మిగతా సగం కాళ్లది. సింక్రో, అంటే గేర్ల వేగాలను దానంతటదే కలిపే ఏర్పాటు, లేని పాత లారీలలో గేరు తగ్గించాలంటే క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, ఒక్కసారి ఆక్సిలేటరు ఊది, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. లేకపోతే పళ్లు కొరుకుతున్న చప్పుడు బండి అంతా వినిపిస్తుంది. స్పోర్ట్స్ కారు నడిపేవారు కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కుతూనే, అదే పాదం అంచుతో ఆక్సిలేటరును తట్టి ఇంజిను వేగాన్ని కింది గేరుకు సరిపెడతారు. అలా చేయకుండా క్లచ్ వదిలితే వెనక టైర్లు ఒక్క ఈడ్పు ఈడుస్తాయి, తడి మలుపులో బండి తోక తిరుగుతుంది. ఇంగ్లీషులో దీనికి ఏ పేరున్నా మీ పెదనాన్నగారి కాలికి ఈ పని ఏనాడో తెలుసు. నిస్సాన్ 370జెడ్ వచ్చినప్పటి నుంచి, అంటే 2008 చివరి నుంచి, చేతి గేరు ఉన్న కొన్ని కార్లలో ఈ తట్టడాన్ని కూడా యంత్రమే చేస్తోంది. పందెం డబ్బు మీరే ఉంచుకోండి, ఆయన చేత ఒకసారి ఘాట్ దింపించుకుని పక్కన కూర్చుని ఆ కాళ్లనే గమనించండి.

ప్రశ్న: అంత వేగమైన పీడీకే చేతిలో ఉండగా పోర్షే సంస్థ మళ్లీ చేతి గేరును ఎందుకు తెచ్చింది? – ఇంజనీరింగ్ విద్యార్థి, బరంపురం

జవాబు: 2013లో వచ్చిన 911 జీటీ3ని ఆ సంస్థ పీడీకేతో మాత్రమే అమ్మింది. గడియారం ప్రకారం అది సరైన నిర్ణయమే, కాని ఆ కారు కొనేవారు గడియారం కోసమే కొనడం లేదని వెంటనే తేలింది. అభిమానుల అసంతృప్తి చాలా కాలం సాగింది. 2016లో చేతి గేరుతో మాత్రమే 911 ఆర్ అనే కారును 991 మాత్రమే తయారు చేస్తే, వాటి కోసం జనం అసలు ధరకు ఎన్నో రెట్లు పెట్టడానికి సిద్ధపడ్డారు. 2017లో జీటీ3కి అదనపు సొమ్ము లేకుండా చేతి గేరును ఎంచుకునే వీలు తిరిగి వచ్చింది.

అయితే చేతి గేరుకు యాంత్రికమైన హద్దు ఒకటి ఉంది. ఇంజిను తిప్పే బలం పెరిగిన కొద్దీ క్లచ్ ప్లేటును గట్టిగా అదిమిపట్టే స్ప్రింగు కావాలి, ఆ స్ప్రింగును తొక్కేది మాత్రం మన ఎడమ కాలే. ఇప్పటి తరం బీఎండబ్ల్యూ ఎం3లో చేతి గేరు కారుకు 550 న్యూటన్ మీటర్ల తిప్పే బలం, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉన్న కాంపిటీషన్ అనే రకానికి 650 ఇచ్చారు. 2023లో మన దేశంలోనూ అమ్మకానికి వచ్చిన ఎం2లో వేగం అందుకోవడంలో తేడా జీటీ3 కంటే తక్కువ: 100 కిలోమీటర్ల వేగానికి అప్పట్లో ఆటోమేటిక్‌కు 4.1 సెకన్లు, చేతి గేరుకు 4.3. ఈ ఐదో వంతు సెకను కోసం క్లచ్ పెడల్‌ను వదులుకోనక్కరలేదని నా అభిప్రాయం. డబ్బున్నవారి సంగతి గనుక ఇలా సులువుగా చెప్పేస్తున్నాను.

ప్రశ్న: మాది ఏఎంటీ ఉన్న చిన్న కారు. గేరు మారిన ప్రతిసారీ తల ముందుకు ఊగుతుంది. పిల్లలు నవ్వుతారు. ఇదే పద్ధతి ఫెరారీలో కూడా ఉండేదని మా తమ్ముడు అంటాడు. నిజమేనా? – ఉపాధ్యాయిని, రాయగడ

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. ఏఎంటీ అంటే మామూలు చేతి గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే కాలికి, గేరు వేసే చేతికి బదులుగా హైడ్రాలిక్ పరికరాలు అమర్చారు. ఎఫ్355లో ఉన్నదీ ఇదే సూత్రం. 2014లో మన దేశంలో మొదటి ఏఎంటీగా వచ్చిన మారుతీ సెలెరియోకు ఆ పరికరాలు అందించింది మాగ్నెటి మరెల్లి, ఫెరారీ పందెం కార్ల గేర్ల వెనక ఉన్నదీ ఆ ఇటలీ సంస్థే. దూరపు చుట్టరికం కాదు, ఒకే ఇంటి పిల్లలు.

మరి తేడా ఎక్కడంటే తొందరలో. 2007 నాటి ఫెరారీ 430 స్కుడేరియా 60 మిల్లీ సెకన్లలో, అంటే కనురెప్ప వాల్చేలోపు, గేరు మార్చేది. చిన్న కారులో ధర, క్లచ్ ఆయుష్షు చూసుకుని అదే పనిని తాపీగా చేయిస్తారు. ఆ ఖాళీలో శక్తి తెగుతుంది, కారు నెమ్మదిస్తుంది, మన తల ముందుకు పోతుంది. ఊరి మధ్య మెల్లగా నడిపితే ఆ ఫెరారీలు కూడా తల ఊపేవే, కాకపోతే అందులో కూర్చున్నవారు బయటికి చెప్పుకోరు!

మీరు చేయగలిగింది ఒకటుంది. రెండు మూడు రోజులు గమనిస్తే గేరు ఏ వేగం దగ్గర మారుతోందో చెవికి తెలిసిపోతుంది. సరిగ్గా ఆ క్షణాన, చేతి గేరు కారులో లాగానే, ఆక్సిలేటరు మీద పాదాన్ని కాస్త సడలించండి. ఊపు చాలా మటుకు పోతుంది. కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కేటప్పుడు మీట పక్కకు తోసి గేరును మీరే ఎంచుకోండి. ఎత్తు మీద ఆగవలసి వస్తే ఆక్సిలేటరుతో బండిని నిలబెట్టకండి, క్లచ్ ప్లేటు మాడిపోతుంది. హ్యాండ్ బ్రేకు వేయండి.

ప్రశ్న: రెండు క్లచ్‌ల కారు కొన్నాను. సాయంత్రం అసకా రోడ్డు రద్దీలో గేర్‌బాక్సు వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వచ్చింది. సర్వీసు సెంటర్ వారు "అన్నీ ఇంతే" అన్నారు. – వ్యాపారి, బరంపురం

జవాబు: అన్నీ ఇంతే కాదు. రెండు క్లచ్‌లలో పొడివి, నూనెలో మునిగి ఉండేవి అని రెండు జాతులున్నాయి. పొడి క్లచ్ తేలిక, చవక. కాని దాని వేడిని తీసుకెళ్లేది గాలి ఒక్కటే. నూనె క్లచ్‌లో వేడిని నూనె మోసుకుపోతుంది. నిస్సాన్ జీటీ-ఆర్, జీటీ3 వంటి బలమైన కార్లలో నూనె క్లచ్‌లు పెట్టింది అందుకే. మీ కారులో ఏది ఉందో ముందు అడిగి తెలుసుకోండి.

పొడి క్లచ్ అయితే రద్దీలో బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం జరపడమే అసలు శత్రువు. డ్రైవింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాడు హాఫ్ క్లచ్‌లో బండిని ఆపినట్టే యంత్రం కూడా లోపల జారుతూ కాలుతూ ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కి ఆగండి, అప్పుడు క్లచ్ విడిపోతుంది. ముందు రెండు కార్ల పొడవు ఖాళీ వచ్చాకే కదలండి. ఖాళీ రోడ్డులో కూడా హెచ్చరిక వస్తుంటే మాత్రం అది లోపమే. నోటి మాటతో సరిపెట్టుకోకుండా జాబ్ కార్డులో రాయించుకోండి.

ప్రశ్న: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు కలిసొస్తుందా? – గుణుపూర్

జవాబు: రాదు. ఇప్పటి ఇంజిన్లలో గేరు వేసి ఉండగా ఆక్సిలేటరు పూర్తిగా వదిలితే ఇంధనం రావడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజినును తిప్పి ఉంచడానికి కొంత కాలుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఆటోమేటిక్ కారులోనూ కింది గేరు ఎంచుకునే దిగండి.

ప్రశ్న: విద్యుత్ కార్లు వచ్చాక ఈ తగవంతా తీరిపోతుందా? – పర్లాకిమిడి

జవాబు: చాలా వరకు. విద్యుత్ మోటారు కదలని స్థితి నుంచే పూర్తి బలం చూపుతుంది, చాలా ఎక్కువ వేగం వరకూ తిరగగలదు, కాబట్టి ఎక్కువ కార్లకు ఒక్క గేరు చాలు. 2019లో వచ్చిన పోర్షే టైకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టారు, అది అరుదు. కాని గేర్ల మీద మమకారం ఎంతటిదంటే, 2023లో హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్‌లో ఎనిమిది గేర్లు ఉన్నట్టు మోటారు బలాన్ని తుంచి, కుదుపునూ శబ్దాన్నీ కల్పించి, స్టీరింగ్ వెనక మీటలు కూడా ఇచ్చారు. మారడానికి లోపల గేర్లు లేవు. వద్దనుకున్నవారు ఆ నటనను ఆపేసి మామూలుగా నడుపుకోవచ్చు.