ఎమ్మెల్యే ఓటు ఉన్నా ఎమ్మెల్సీకి మళ్ళీ రాయించుకోవాలా?

తమ్ముడూ, నీకు దేవరకొండలో ఓటర్ కార్డు ఉంది, డిగ్రీ కూడా అయింది కాబట్టి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు దానంతట అదే వస్తుందా, అది కూడా మిషన్ మీదే నొక్కాలా అని అడిగావు. రాదు, మిషనూ ఉండదు. మాది మునుగోడు దగ్గర. ఈ రెండు విషయాల్లోనూ నేను దెబ్బ తిన్నవాడినే.

2021 మార్చిలో నల్గొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల ఎన్నికలో మొదటిసారి ఓటు వేశాను. 71 మంది పోటీలో ఉన్నారు. చేతికిచ్చిన కాగితం విప్పితే పేపరు చదువుతున్నట్టే ఉంది. బూత్‌లో దాన్ని పరచడానికే చోటు చాలలేదు. నాకు కావలసిన పేరు వెతికి, ఎదురుగా శుభ్రంగా టిక్ కొట్టి, మడిచి డబ్బాలో వేసి వచ్చాను. బయట చాయ్ తాగుతుంటే మా దోస్తు "రెండో ప్రాధాన్యం ఎవరికిచ్చావురా" అన్నాడు. అప్పుడు అర్థమైంది, నా ఓటు చెల్లదని. తర్వాత తెలిసిందేమంటే ఆ ఎన్నికలో 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదట. డిగ్రీలు చదివినోళ్ళం!

అక్కడ టిక్ కాదు, అంకె వేయాలి. అందరికంటే ఎక్కువ నచ్చినవాళ్ళకు 1, తర్వాతి వాళ్ళకు 2, 3. 1 లేకుంటే ఓటే లేదు. ఇద్దరికి 1 వేసినా పోయినట్టే. మిగతా అంకెలు నీ ఇష్టం, వేయకపోయినా పర్లేదు. కానీ వేస్తే మంచిది: చెల్లిన ఓట్లలో సగం కంటే ఎక్కువ ఎవరికీ రాకపోతే, అట్టడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి, అతని కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికుందో చూసి వాళ్ళకు కలుపుతారు. 2021లో లెక్కింపు రోజుల తరబడి సాగింది అందుకే. పోలింగ్ సిబ్బంది ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి. జేబులో పెన్ను తీయకు, సంతకం అసలే పెట్టకు.

ఇక నమోదు. ఎమ్మెల్యే, ఎంపీ ఓటుకు ఫారం 6, ఊరు మారితే ఫారం 8. ఎమ్మెల్సీకి ఫారం 18, ఆ జాబితా వేరు. ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. నేను 2024 ఉప ఎన్నికకు పాత పేరే ఉంటుందని నిమ్మళంగా కూర్చున్నాను. చివరి వారంలో మా బావ ఫోన్ చేసి తిట్టకపోతే అదీ పోయేది. డిగ్రీ అయి మూడేళ్ళు నిండాలి. ఆ ఎన్నికకు 2020 నవంబర్ 1 లోపు పాసైన వాళ్ళనే తీసుకున్నారు. నీకు ఎప్పుడు నిండుతాయో మెమో చూసుకో. మహబూబ్‌నగర్‌లో ఉండే నీ రూమ్మేట్‌ది వేరే సీటు, రంగారెడ్డి, హైదరాబాద్‌తో కలిసినది.

మిషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మా మునుగోడు ఉప ఎన్నికలో, 2022లో, 47 మంది నిలబడితే నోటాతో కలిపి 48 అయ్యారు. ఒక్కో యూనిట్‌కు 16 పేర్లు కాబట్టి మూడు పక్కపక్కన పెట్టారు. మా అమ్మ మొదటిదాంట్లోనే గుర్తు వెతికి పరేషాన్ అయింది. నొక్కాక పక్కనున్న వీవీప్యాట్‌లో స్లిప్ ఏడు సెకన్లు కనిపిస్తుంది, అది చూసే కదులు. ఇది ఎంత నయమో నల్గొండలో ఉండే మా పెదనాన్నను అడగాలి. 1996 లోక్‌సభ ఎన్నికలో ఫ్లోరైడ్ నీళ్ళ గోస ఢిల్లీకి వినపడాలని 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పుస్తకంలా ఉండేదని, తన గుర్తు ఏ పేజీలో ఉందో వెతకడానికే చాలాసేపు పట్టిందని ఇప్పటికీ చెప్తాడు.

సర్పంచ్ ఎన్నికలకు వస్తే మళ్ళీ కాగితమే. సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డు మెంబర్‌కు తెల్లది. అక్కడ అంకెలు వేయకు, స్వస్తిక్ ముద్ర గుద్దాలి. సిరా ఆరేదాకా ఆగి మడువు. లేకపోతే అవతలి గుర్తు మీద కూడా మరక పడుతుంది.