మొక్కలు పెంచుకోవాలన్న ఆశ తప్పా, పాస్టర్ గారూ?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మా ఆయన రిటైరయ్యాక ఊరి చివర ఐదు సెంట్లలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ జామ, సపోటా వేశాను. సంఘంలో ఒక పెద్దాయన చూసి "మనం యాత్రికులం, ఇవన్నీ కాలిపోయేవే, వీటి మీద మనసెందుకమ్మా" అన్నారు. అప్పట్నుంచి మొక్కలకి నీళ్లు పోస్తున్నా టెన్షనే. నాది తప్పంటారా?
- ఒక సహోదరి, ఏలూరు

జవాబు: తప్పు కాదమ్మా. బైబిల్లో మొట్టమొదట తోట వేసింది దేవుడే. ఏదెనులో తోట వేసి, దాన్ని సేద్యం చేయడానికి, కాయడానికి నరుణ్ణి అందులో ఉంచాడు. అది ఆదికాండం రెండో అధ్యాయం. పాపం వచ్చింది మూడో అధ్యాయంలో.

పెద్దాయన అన్నదీ వాక్యమే, పేతురు రెండో పత్రిక 3:10. కానీ అక్కడే ఆగిపోకూడదు. పదమూడో వచనంలో కొత్త ఆకాశాల కోసం, కొత్త భూమి కోసం ఎదురుచూస్తున్నామంటాడు పేతురు. భూమి కూడా ఉందమ్మా అందులో! ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలోనూ పరిశుద్ధ పట్టణమే దేవుని దగ్గర నుంచి దిగి వస్తుంది.

ఆ అధ్యాయం మొదట్లోనే "సముద్రమును ఇకను లేదు" అని ఉంటుంది. మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లకి ఆ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక చేలల్లో ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. ఆ మట్టిలోనే మా అమ్మ మునగకొమ్మ పాతింది. ఎండిపోయింది. మళ్లీ పాతింది. పొద్దున్నే ప్రార్థన ముగించి, తాగడానికి మోసుకొచ్చిన మంచినీళ్లలోంచే ఓ చెంబుడు దాని మొదట్లో పోసేది. పరలోకం మీద ఆమెకి ఆశ లేదని ఎవరనగలరు?

భయపడాల్సింది వేరే ఉంది. పరదైసు, అంటే ఆ ఏదెను లాంటి ఆనందవనం, నాకు ఇక్కడే, ఇప్పుడే కావాలి, ఎవరేమైపోయినా సరే అనుకోవడం. 1498లో కొలంబస్ దక్షిణ అమెరికా తీరంలో ఒరినోకో నది మంచినీళ్లు సముద్రంలోకి పోటెత్తడం చూసి, అవి ఏదెను నుంచి వచ్చేవే కావచ్చనుకుని, భూలోక పరదైసు దగ్గర్లోనే ఉందని స్పెయిన్ రాజదంపతులకు రాశాడు. అప్పటికే కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో, అక్కడి ఆదివాసుల మీద ఆయన పెట్టిన పన్ను నడిచింది: బంగారం దొరికే చోట, పద్నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లూ మూడు నెలలకోసారి, డేగ కాలికి కట్టే చిరుగంట నిండా బంగారం తెచ్చి కట్టాలి. ఏదెనును అంతగా వెతికిన మనిషికి ఆ జనం గోడు పట్టలేదు.

యెషయా 65లో దేవుడిచ్చిన వాగ్దానం చూడండి. ఇళ్లు కట్టుకున్నవాళ్లే వాటిలో కాపురముంటారు, నాటుకున్నదాన్ని వేరొకరు అనుభవించరు. కష్టం ఒకరిది, ఫలం ఇంకొకరిది అనే బాధ ఆ కొత్త భూమి మీద ఉండదు. అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఆ స్థలం అమ్మినవాళ్లకి న్యాయమైన ధర ముట్టిందా? మేస్త్రికీ, ఇటుకలు మోసిన ఆడవాళ్లకీ కూలి ఏమైనా బాకీ ఉందా? ఉంటే ఈ వారమే తీర్చేయండి. లేకపోతే నిశ్చింతగా ఇంకో మామిడి అంటు కూడా వేసుకోండి.