మెయింటెనెన్స్ కట్టడం ఆపకండి, లెక్కలు అడగడమూ ఆపకండి

ప్రశ్న: రిటైరయ్యాను, పెన్షన్ మీదే ఇల్లు నడుస్తోంది. మా అపార్ట్‌మెంట్ కట్టి 20 ఏళ్లు. లిఫ్టు మార్చాలి, టెర్రస్ కారుతోంది అంటూ అసోసియేషన్ కమిటీ 18 నెలల మెయింటెనెన్స్‌కు సమానమైన మొత్తాన్ని మూడు నెలల్లో కట్టమంటోంది. లెక్కలు అడిగితే ‘మీటింగుకు రండి’ అంటారు, అక్కడ అరుపులు తప్ప ఏమీ వినబడవు. కొందరు నెలనెలా కట్టేది కూడా ఆపేసి, నన్నూ ఆపమంటున్నారు. ఆపనా? ఫ్లాటు అమ్మేసుకుని వెళ్లిపోనా?

జవాబు: ఆపకండి. కమిటీ మీద ఎంత కోపమున్నా ఇది మీ డబ్బుకు నష్టం. చాలా అసోసియేషన్ల బైలాస్‌లో (నియమావళిలో) బకాయికి వడ్డీ ఉంటుంది, కొన్నిచోట్ల బకాయిదారుకు ఓటు కూడా ఉండదు. రేపు అమ్ముదామన్నా, బకాయిల్లేవని అసోసియేషన్ ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర పని ఆగుతుంది. పైగా 40 ఇళ్లలో 8 ఇళ్లు కట్టడం మానేస్తే, అదే ఖర్చుకు మిగతా 32 ఇళ్లూ 25 శాతం ఎక్కువ కట్టాలి. దెబ్బ తగిలేది కమిటీకి కాదు, మీ పక్కింటివాళ్లకు. నెలవారీ మొత్తం బ్యాంకు ద్వారానే కట్టండి. ప్రత్యేక వసూలు మీద మాత్రం మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇక అసలు విషయం. ఈ డబ్బు ఎవరో తినేశారన్న అనుమానం మీ ఉత్తరంలో కనబడుతోంది. కావచ్చు. కానీ ఇలాంటి గొడవల్లో నేను ముందు చూసేది వేరే లెక్క. లిఫ్టు ఆయుష్షు 25 ఏళ్లనుకోండి, ఇప్పటికి 20 ఏళ్లు వాడేశారు. అంటే కొత్త లిఫ్టు ఖర్చులో 80 శాతం ఈపాటికే కార్పస్ ఫండ్‌లో (పెద్ద పనుల కోసం అసోసియేషన్ దాచిపెట్టే నిధిలో) ఉండాలి. వాటర్‌ప్రూఫింగ్, పంపులు, జనరేటర్, రంగులు... ఒక్కోదానికీ ఇలాగే లెక్కకట్టి కూడండి. ఆ మొత్తంలో కార్పస్ ఎంత శాతముందో చూడండి. 70 శాతం దాటితే బాగున్నట్టే. 30 లోపుంటే ఇలాంటి పెద్ద వసూలు నేడో రేపో తప్పదు.

చాలాచోట్ల తేలేదేమిటంటే, దొంగతనం జరగలేదు, మెయింటెనెన్స్ ఏళ్ల తరబడి తక్కువగా ఉంచారు. పెంచుతామన్న కమిటీని ఓడించి, పెంచనన్న కమిటీని గెలిపించారు. ఆ ఓట్లలో మీదీ ఉందేమో గుర్తు చేసుకోండి.

దుర్వినియోగం జరిగిందో లేదో కాగితాలే చెబుతాయి. ‘లెక్కలు చూపించండి’ అని అడిగితే ఏ జవాబైనా వస్తుంది. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్, కార్పస్ డిపాజిట్ రసీదు, ఇంటింటి బకాయిల జాబితా, లిఫ్టుకు వచ్చిన కొటేషన్లు అని పేరుపేరునా రాసి అడగండి. ముఖ్యంగా డిపాజిట్ రసీదు చూడండి. దాన్ని మధ్యలో రద్దు చేసి వాచ్‌మన్ జీతాలకో కరెంటు బిల్లుకో వాడి ఉంటే, నెలవారీ మెయింటెనెన్స్ చాలడం లేదన్నమాట. లిఫ్టుకు ఒకే కొటేషన్ ఉంటే అక్కడ గట్టిగా నిలదీయండి. మాట మాత్రం మర్యాదగా ఉండనివ్వండి. కోశాధికారి కూడా జీతం లేకుండా ఈ బరువు మోస్తున్న ఇరుగుపొరుగు మనిషే.

మీ పెన్షన్ సంగతి. దీనికోసం పర్సనల్ లోన్ వద్దు, ఆసుపత్రి అవసరాలకు దాచుకున్నదీ కదపవద్దు. లిఫ్టు కంపెనీలు సాధారణంగా విడతలుగానే తీసుకుంటాయి: ఆర్డరుకు అడ్వాన్సు, సామాను దిగాక కొంత, బిగించి నడిపాక మిగతాది. మరి ఇళ్ల నుంచి మొత్తం మూడు నెలల్లో ఎందుకు? వసూలు కూడా ఆ విడతల ప్రకారమే పెట్టాలని నలుగురైదుగురు కలిసి తీర్మానం అడగండి. టెర్రస్ పని మాత్రం వాయిదా వేయకండి. నీరు దిగేకొద్దీ స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఖర్చు పెరుగుతుంది. లిఫ్టును భద్రతా తనిఖీ చేయించి, ఆ నివేదికను బట్టి గడువు పెట్టుకోవచ్చు.

అమ్మడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. గొడవలో ఉన్న అపార్ట్‌మెంట్‌కు కొనేవాళ్లు ధర తగ్గించే అడుగుతారు. మధ్యవర్తి కమిషన్, కొత్త చోటికి మారే ఖర్చు మీ నెత్తినే పడతాయి. కార్పస్ లోటులో మీ వాటాను నెలలకు పంచి, ఇప్పటి మెయింటెనెన్స్‌కు కలపండి. అది పెన్షన్‌లో ఐదో వంతు దాటుతుంటే అప్పుడు చిన్న ఇంటికి మారడం గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

రాసి అడిగినా కమిటీ పలకకపోతే, నిర్ణీత సంఖ్యలో సభ్యులు సంతకాలు పెట్టి ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరే వీలు బైలాస్‌లో సాధారణంగా ఉంటుంది. ఆ సమావేశంలో ఒక్క తీర్మానమే పెట్టండి: కమిటీతో సంబంధం లేని ఆడిటర్‌ చేత లెక్కలు తనిఖీ చేయించడం. అదీ కుదరకపోతే అసోసియేషన్‌ను నమోదు చేసిన అధికారికి ఫిర్యాదు చేయండి, మీరు సక్రమంగా కట్టిన రసీదులన్నీ దానికి జతచేయండి.