అతి మితవాది ఎవరు? ఎర్ర రాష్ట్రం ఎక్కడ?

సందేహం: మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడి తెలుగు సంఘం పత్రికకు అమెరికా కన్సర్వేటివ్ వ్యాఖ్యాతల వ్యాసాలు అప్పుడప్పుడు తెలుగు చేసి ఇస్తుంటాను. కన్సర్వేటివ్‌ను ఒకరు మితవాది అంటారు, ఒకరు సంప్రదాయవాది అంటారు, ఇంకొకరు ఛాందసవాది అంటారు. ఒక వార్తలో ‘అతి మితవాద పార్టీ’ అని కూడా చూశాను. మితం అతి ఎలా అవుతుంది? రెడ్ స్టేట్‌ను ‘ఎర్ర రాష్ట్రం’ అని రాస్తే, ఊళ్లో ఉన్న నాన్నగారు చదివి ‘అక్కడా కమ్యూనిస్టులు గెలుస్తారా?’ అని అడిగారు. లిబరల్, టారిఫ్, ట్రిలియన్, సెక్రటరీ ఆఫ్ స్టేట్ అన్న మాటల దగ్గరా ఇదే తంటా. దారి చూపగలరు.

సమాధానం: నాన్నగారి ప్రశ్నలో తప్పేమీ లేదు. తెలుగులో ఎరుపుకు ఒక జెండా ఉంది, ఒక చరిత్ర ఉంది. అమెరికాలో రిపబ్లికన్లకు ఎరుపు, డెమొక్రాట్లకు నీలం అన్న వాడుక స్థిరపడింది 2000 నాటి బుష్–గోర్ ఎన్నికతో. ఫలితం తేలక వారాల తరబడి టీవీల్లో అవే రంగుల పటాలు కనిపించడంతో అది పాతుకుపోయింది. అంతకుముందు ఒక్కో చానల్ ఒక్కో రంగు వేసేది. కాబట్టి రంగును అనువదించకండి. ‘రిపబ్లికన్లకు పట్టున్న రాష్ట్రం’ అనండి. రంగు తప్పదనుకుంటే ‘రెడ్ స్టేట్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక ముక్కలో వివరించండి.

ఇక మితవాదం. ఈ మాట మనకు స్వాతంత్ర్యోద్యమంలో బాగా అలవాటైంది. 1907 సూరత్ కాంగ్రెస్‌లో చీలిక వచ్చినప్పుడు గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు. అక్కడి తేడా కుడి ఎడమలది కాదు, పోరాట పద్ధతిది, వేగానిది. తర్వాత కమ్యూనిస్టుల రాతల్లో పార్టీలో కుడివైపు మొగ్గేవారిని ‘మితవాద అవకాశవాదులు’ అనడం మొదలైంది. పత్రికలు ఆ రెండో అర్థాన్ని పట్టుకుని కుడిపక్షం మొత్తానికీ మితవాదం అని పేరు పెట్టేశాయి. కుడిపక్షంలో మరీ కుడివైపున్నవారు తగిలేసరికి ముందు ‘అతి’ చేర్చాయి. మీరు చూసిన విడ్డూరం అలా పుట్టింది.

అసలు ఇబ్బంది విడ్డూరంగా ఉండటం కాదు, అర్థం తారుమారు కావడం. రిపబ్లికన్ పార్టీలోనే మోడరేట్లు అనే వర్గం ఉంది. మెయిన్ రాష్ట్ర సెనేటర్ సూసన్ కాలిన్స్ పేరు ఆ వరుసలో తరచు వినిపిస్తుంది. వాళ్లకు మితవాదులు అన్న మాట అతికినట్టు సరిపోతుంది. పత్రికల అలవాటు ప్రకారం రాస్తే ఆమె ‘మితవాద పార్టీలోని మితవాదుల మితవాదాన్ని వ్యతిరేకించే మితవాది’ అవుతుంది. అందుకని మితవాది మాటను మోడరేట్‌కే వదిలేయండి. రైట్‌కు కుడిపక్షం, ఫార్ రైట్‌కు తీవ్ర కుడిపక్షం చాలు. వామపక్షానికి జోడీగా ‘దక్షిణపక్షం’ వ్యాకరణరీత్యా ఒప్పే కానీ, అమెరికా రాజకీయాల్లో దక్షిణాది రాష్ట్రాల ప్రస్తావన అడుగడుక్కీ వస్తుంది. ‘దక్షిణ కన్సర్వేటివ్ డెమొక్రాట్లు’ అంటే దిక్కు చెబుతున్నారో, పక్షం చెబుతున్నారో తెలియదు.

సంప్రదాయవాది అన్న మాట కొంతమేరకే పనికొస్తుంది. గర్భస్రావం, కుటుంబం, బడిలో ప్రార్థన వంటి విషయాల్లో సరిగ్గా సరిపోతుంది. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును సుప్రీంకోర్టు 2022 జూన్ 24న డాబ్స్ కేసులో కొట్టేసినప్పుడు సంతోషించినవారిని సంప్రదాయవాదులంటే పాఠకుడు సరిగానే అందుకుంటాడు. 1980లలో అధ్యక్షుడు రేగన్ తగ్గించిన పన్నుల దగ్గరికి వచ్చేసరికి అదే మాట తేలిపోతుంది. 1981 చట్టం ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 70 శాతం నుంచి 50కి దించింది, 1986 చట్టం 28కి తెచ్చింది. ఇందులో కాపాడిన సంప్రదాయం ఏముంది? ఉన్నదాన్ని తిరగరాయడమే కదా. పన్ను తగ్గించమన్న పాపానికి ఒకాయన్ను సంప్రదాయవాది అంటే, తెలుగువాడి కళ్లముందు పంచె, పిలక కదులుతాయి.

అమెరికా కన్సర్వేటివ్ ఉద్యమంలోనే ఈ మెలిక ఉంది. విలియం బక్లీ 1955లో నేషనల్ రివ్యూ పత్రిక పెట్టినప్పుడు దాని చుట్టూ చేరినవారిలో మార్కెట్ స్వేచ్ఛ కోరేవాళ్లున్నారు, మతాన్నీ సంప్రదాయాన్నీ నిలపాలనేవాళ్లున్నారు, కమ్యూనిజాన్ని ఎదిరించడమే ముఖ్యమనేవాళ్లూ ఉన్నారు. ఈ ముగ్గురినీ కట్టి ఉంచిన పేరు కన్సర్వేటివ్. అందుకే దాన్ని రిపబ్లికన్ మాటలాగే పేరుగా తీసుకుని కన్సర్వేటివ్ అనే రాయమంటాను. బహువచనం కన్సర్వేటివ్‌లు, సిద్ధాంతం కన్సర్వేటివ్ వాదం. ఆ తర్వాత వ్యాసంలో ఏ వర్గం మాట్లాడుతోందో చూసి తెలుగు చేయండి: సామాజిక విషయాలైతే సంప్రదాయవాదులు, ఆర్థిక విషయాలైతే పరిమిత ప్రభుత్వం కోరేవారు లేదా స్వేచ్ఛా మార్కెట్ వాదులు. విదేశాంగంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2003లో ఇరాక్ యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన నియోకన్సర్వేటివ్‌లూ కన్సర్వేటివ్‌లే, దాన్ని మొదటినుంచీ వ్యతిరేకించిన వ్యాఖ్యాత ప్యాట్ బుకానన్ వంటివారూ కన్సర్వేటివ్‌లే. ‘కన్సర్వేటివ్‌లు యుద్ధాన్ని సమర్థించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగం చరిత్ర ఎగిరిపోతుంది.

ఛాందసవాది, ఏకాకివాది (ఐసొలేషనిస్ట్) అన్నవి ఎదుటిపక్షం పెట్టే పేర్లు. ఛందస్సు, అంటే వేదం, తెలిసినవాడు అనే గౌరవం ఒకప్పుడు ఛాందసుడికి ఉండేదేమో కానీ ఇప్పుడది తిట్టే. వ్యాసకర్త ఎవరినైనా నిజంగా తిడుతుంటే వాడండి, లేదంటే వద్దు. ‘పరాయి యుద్ధాలు మనకెందుకు’ అనేవాళ్లు తమను తాము ఐసొలేషనిస్టులు అనుకోవడం అరుదు. ‘విదేశీ జోక్యం వద్దనేవారు’ అంటే తగాదా ఉండదు.

లిబరల్ సంగతి దీనికి తలకిందులు. ఉదారం అంటే మనకు మంచి గుణం. కన్సర్వేటివ్ వ్యాఖ్యాత లిబరల్స్‌ను ఎద్దేవా చేస్తూ రాసిన వాక్యంలో ‘ఉదారవాదులు’ అని పెడితే, తిట్టు కాస్తా పొగడ్త అయి కూర్చుంటుంది. పైగా 1930లలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ అనే సంక్షేమ కార్యక్రమాల తర్వాత అమెరికాలో లిబరల్ అంటే ప్రభుత్వం చొరవ తీసుకుని సంక్షేమం చూడాలనేవాడు. మనం 1991 తర్వాతి లిబరలైజేషన్‌ను సరళీకరణ అన్నాం, అంటే ప్రభుత్వం తప్పుకోవడం. ఒకే ఆంగ్ల మూలం, ఎదురెదురు దిక్కులు. కాబట్టి లిబరల్‌ను లిబరల్‌గానే ఉంచండి. ‘క్లాసికల్ లిబరల్’ కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. ఆయన న్యూ డీల్ లిబరల్ కంటే స్వేచ్ఛా మార్కెట్ కన్సర్వేటివ్‌కే దగ్గర.

టారిఫ్‌కు సుంకం ఉండగా వేరే మాట వెతకనక్కర్లేదు. ‘సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు’ అని సామెతే ఉంది. చిక్కు విభక్తితో వస్తుంది. ‘చైనాపై 25 శాతం సుంకం’ అని రాస్తే చైనా ప్రభుత్వం డబ్బు కడుతున్నట్టు ధ్వనిస్తుంది. అమెరికా రేవులో సరుకు దిగినప్పుడు కస్టమ్స్‌కు ఆ సొమ్ము కట్టేది సాధారణంగా దిగుమతి చేసుకున్న అమెరికా కంపెనీ. చివరికి ఆ భారం కొనేవాడి మీద పడుతుందా, అమ్మినవాడు ధర తగ్గించి మోస్తాడా, దిగుమతిదారు లాభం కోసుకుంటాడా అన్నదే అక్కడి కన్సర్వేటివ్‌ల మధ్య కూడా నలిగే వాదన. 1890లో రిపబ్లికన్ మెకిన్లీ పేరుతో సుంకాలు పెంచిన చట్టం వచ్చింది. 1988లో రిపబ్లికన్ రేగనే కెనడాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేశాడు. 2018లో రిపబ్లికన్ ట్రంప్ దిగుమతి ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం వేశాడు. ‘చైనా సరుకులపై సుంకం’ అని రాస్తే మీరు ఏ పక్షమూ తీసుకోకుండా ఉన్నమాట చెప్పినట్టవుతుంది. విభక్తి ముందు ఒక్క ‘సరుకులు’ చేర్చడమే.

అంకెల దగ్గర మనవాళ్లు తరచు సున్నాలు మింగేస్తారు. బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. 2024 నవంబరులో అమెరికా జాతీయ అప్పు 36 ట్రిలియన్ డాలర్లు దాటింది, అంటే 36 లక్షల కోట్ల డాలర్లు. ‘36 వేల కోట్లు’ అని రాస్తే వందో వంతుకు పడిపోతుంది. పక్కన ‘డాలర్లు’ మరిచిపోతే రూపాయలనుకుంటారు. అప్పు వేరు, లోటు వేరు అన్నదీ గుర్తుంచుకోండి. లోటు ఒక్క ఆర్థిక సంవత్సరానిది, అక్కడ అది అక్టోబరు 1న మొదలవుతుంది. అప్పు ఏళ్ల తరబడి పేరుకున్నది. లోటు తగ్గిన ఏడాది కూడా అప్పు పెరుగుతుంది. ‘లోటు తగ్గింది’ అన్నదాన్ని ‘అప్పు తగ్గింది’ అని తెలుగు చేస్తే అబద్ధం చెప్పినట్టే.

సెక్రటరీ ఆఫ్ స్టేట్ కేంద్రంలో అయితే విదేశాంగ మంత్రి, సందేహం లేదు. రాష్ట్రాల్లోనూ అదే పేరుతో ఒక పదవి ఉంది, చాలాచోట్ల ఎన్నికల నిర్వహణ చూసేది ఆ అధికారే. 2020 ఎన్నికల తర్వాత వార్తల్లో నలిగిన జార్జియా రాష్ట్రపు బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ అలాంటివాడు. అతణ్ణి ‘జార్జియా విదేశాంగ మంత్రి’ అంటే, జార్జియా పేరుతో ఒక దేశం కూడా ఉంది గనుక పాఠకుడు అనుమానించకుండానే నమ్మేస్తాడు. పోనీ ‘రాష్ట్ర కార్యదర్శి’ అందామంటే, మనకది పార్టీ పదవి. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి లాగా వినిపిస్తుంది. ‘ఎన్నికలు నిర్వహించే రాష్ట్ర ఉన్నతాధికారి’ అని ఒకసారి చెప్పి, తర్వాత సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే రాసుకుంటూ పోండి. జార్జియాలో ఆ పదవికి ఓటర్లు ఎన్నుకుంటారు, మీ టెక్సస్‌లో గవర్నర్ నియమిస్తాడు కాబట్టి ‘ఎన్నికైన’ అన్న విశేషణం చేర్చే ముందు ఏ రాష్ట్రమో చూసుకోండి.